ఇప్పనూనె సబ్బు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేలకుండా ఉంది. తూర్పున తెల్లబడింది కాని పొద్దు పొడవలేదు. పడమటి నుంచి పలుచటి మబ్బొకటి వచ్చి, సరిగా పిండకుండా దండెం మీద వేసిన చీరలాగా ఊరి మీద వేలాడింది. ఉగాదికి ఇంక నాలుగు రోజులున్నాయి. ఈ కాలంలో కురిసే వాన మామిడి పూతకూ మంచిది కాదు, ఆరబెట్టిన సరుకుకూ మంచిది కాదు.

అంతయ్య వాకిట్లో నిలబడి మెడ పట్టేదాకా పైకి చూశాడు. నిద్ర లేవగానే మబ్బు చూడడం అతనికి నలభై ఏళ్ల అలవాటు. అప్పుడు బట్టల కోసం చూసేవాడు. నిరుటి ఉగాది నుంచి సబ్బు కోసం చూస్తున్నాడు.

పందిరి కింద తుంగచాప మీద సబ్బు గడ్డలు మూడు వరుసలుగా ఉన్నాయి. మట్టి మూకుళ్లలో పోసి గడ్డకట్టించినవి కనుక ఒక పక్క చదునుగా, ఇంకో పక్క గుండ్రంగా ఉన్నాయి. అతను ఒక్కొక్కదాన్నే బొటనవేలితో నొక్కి చూసి, తిప్పి పెట్టాడు. వేలు దిగలేదు. గట్టిపడ్డాయి.

"వాన రాదులే" అన్నది అతని భార్య ఐలవ్వ, ఊడుస్తున్న చీపురు ఆపి. "వచ్చినా ఏమైతది? నీళ్లల్ల కరిగేదే గద అది."

"కరగాల్సింది కొన్నోళ్ల ఇంట్ల. మన వాకిట్ల గాదు."

"మొదటిపారి వండితె గంజి ఆయె. రెండోపారి పిండాయె. గీసారన్న గడ్డయింది. సంతోషపడక మొఖం గట్ల వెట్టినవేంది?"

అంతయ్య ఇంకో గడ్డను నొక్కి చూశాడు. సంతోషం లేక కాదు. పోయిన అంగడినాడు జమ్మికుంటకు గంపెడు గడ్డలు మోసుకుపోతే గంప ఖాళీగా తిరిగి వచ్చింది. అదే వారం ఊళ్లో ముప్పై గడ్డలు పోయాయి, సోలెడు మక్కజొన్నలకు ఒకటి చొప్పున. యాభైనాలుగేళ్ల వయసులో మొదటిసారి అతను ఇళ్ల ముందు నిలబడి "బట్టలున్నయా అమ్మా" అనకుండా "సబ్బు కావాల్నా" అని అడిగాడు. ఆ మాట ఇంకా నోటికి అలవాటు కాలేదు. రెండు ఇళ్ల దగ్గర పాత మాటే వచ్చి, మళ్లీ దిద్దుకున్నాడు.

గాడిద గిట్టల చప్పుడు వినిపించింది. రెండు గాడిదల మీద మూటలు వేసుకొని సాంబయ్య వాకిలి ముందు నుంచి రేవుకు పోతున్నాడు. అంతయ్యకు చిన్నాయన కొడుకు, పాలోడు. ఊళ్లో చాకలి పాళ్లలో అంతయ్య వంతుకు వచ్చిన గడపలు నలభై. నిరుడు రేవు దగ్గర కులపెద్ద ముందర ఆ నలభైనీ సాంబయ్యకు అప్పజెప్పాడు. ఏడాది గడువు. ఈ ఉగాది ముందటి రోజు మళ్లీ అందుకుంటే అంతయ్యవి. అందుకోకపోతే సాంబయ్యవి, తరువాత సాంబయ్య పిల్లలవి. గడప అంటే ఉతుకుడు ఒక్కటే కాదు. కల్లంలో ఇంటింటి నుంచి వచ్చే గింజలు, పెండ్లికి పెట్టే బట్టలు, పూట గడవనప్పుడు అడిగి తెచ్చుకునే ముద్ద.

"అంతన్నా, ఎట్లుంది నీ కార్ఖాన?" గాడిదను ఆపకుండానే అడిగాడు సాంబయ్య.

"నడుస్తుంది."

"నడవనియ్, నడవనియ్. అది నడిస్తెనే నా గాడిదలు నడుస్తయి."

నవ్వుకుంటూ పోయాడు కాని, మూల తిరిగేటప్పుడు చాప మీది గడ్డల దిక్కు ఇంకోసారి చూశాడు.

పొద్దు బారెడు ఎక్కేసరికి కొమురవ్వ వచ్చింది. మూడిళ్ల అవతలి కాపామె. పలకరించకుండా వచ్చి, కొంగులోని సబ్బు గడ్డను అంతయ్య కాళ్ల ముందు పడేసింది. సగం కూడా అరగలేదు. తరువాత రెండు చేతులకూ చుట్టుకున్న గుడ్డపేలికలు విప్పింది. పసుపు రాసి ఉంది. పసుపు కింద తోలు ఉడికిన ఆలుగడ్డ పొట్టులాగా లేచిపోయింది.

"ఏం కలిపినవయ్యా గీంట్ల? సున్నమా, నిప్పులా?"

అంతయ్య ఆ చేతులను చూశాడు. "నీకు పడలేదేమో కొమురవ్వా" అన్నాడు.

"నాట్లేసిన చేతులివి. కలుపు దీసిన చేతులు. మెత్తటియి గావు. నాకే పడకుంటె ఇంకెవ్వలకు పడ్తది? నా మక్కలు నాకియ్యుండ్రి."

ఐలవ్వ లోపలికి పోయి గుమ్మి నుంచి సోలెడు మక్కలు తీసుకొచ్చి పోసింది. గుడ్డపేలికలు మళ్లీ చుట్టుకోవడం ఒంటరిగా కొమురవ్వకు చేతకాలేదు. ఐలవ్వే చుట్టి ముడివేసింది.

పగటాళ్లకు ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ల తరువాత వచ్చినవాడు సబ్బు కోసం రాలేదు. పటేలు కబుర్లు మోసే సుంకరి, కర్ర ఊపుకుంటూ వచ్చి, "రమ్మంటుండు. ఇద్దర్నీ" అని ఒక్కమాట చెప్పి నిలబడ్డాడు.

పటేలు ఇంటి అరుగు మీద పటేలు కూర్చున్నాడు. తలుపు వారన అతని కోడలు నిలబడి ఉంది. రెండు అరచేతుల నిండా వెన్న పూసి, దేన్నీ తాకకుండా చేతులు ముందుకు చాపి పట్టుకుంది. లోపల ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. ఎత్తుకోవడానికి ఆ చేతులు పనికిరావు.

"చూసినవా అంతయ్యా" అన్నది పటేలమ్మ. "సాంబయ్య రెండు రోజులు రాకపోతె, పిల్ల గుడ్డలు నేనే ఉతుక్కుంట అత్తమ్మా అని నీ సబ్బుతోని ఉతికింది. ఇప్పుడు అన్నం నేనే తినిపియ్యాలె. పిల్లకు పాలియ్యాల్నంటె ఎవరో ఒకరు పట్టుకోవాలె."

"బాంచెన్ దొరసాని, గట్ల గాదు" అన్నాడు అంతయ్య. రొంటిన ఉన్న సబ్బు ముక్క తీశాడు. వాకిట్లో గోలెం దగ్గరికి పోయి చేతులు తడిపి, మోచేతుల దాకా నురుగు వచ్చేట్టు రుద్దుకున్నాడు. చాలాసేపు రుద్దాడు. కడుక్కొని రెండు చేతులూ పైకెత్తి పటేలుకు చూపాడు. "చూడుండ్రి. ఏమన్నయిందా? నేను వండినప్పుడల్ల గిట్లనే చూసుకుంట. నా ఆడిది గూడ చూసింది."

పటేలు ఆ చేతులను కిందికీ మీదికీ చూశాడు. తరువాత కడుపు కదిలేలా నవ్వాడు.

"ఓరి పిచ్చోడా! అవి చేతులారా? వాటితోని చెప్పులు కుట్టుకోవచ్చు."

సుంకరి నవ్వాడు. పటేలమ్మకు కూడా నవ్వు వచ్చింది. కోడలు ఒక్కతే నవ్వలేదు. అంతయ్య చేతులు దించకుండా వాటినే చూసుకున్నాడు. బట్టలకు పట్టించే సౌడుమట్టి తిని, బట్టలు ఉడకేసే ఉబ్బ ఆవిరి తిని, బండకు కొట్టి కొట్టి పగిలి, పగుళ్లలో మళ్లీ తోలు వచ్చి, మళ్లీ పగిలిన చేతులు. సౌడు నీళ్లు ఎప్పుడూ చేతితోనే చూసేవాడు. చెయ్యి చురుక్కుమంటే పాకం సరిపోయినట్టు. సబ్బుకు పోసే సోడా కూడా అట్లాగే చూశాడు. చురుక్కుమనేదాకా పోస్తూ పోయాడు.

"ఇగ చెప్తున్న విను" అన్నాడు పటేలు. "కోడలి చేతులు మానేదాక నీ పెండ్లాం రోజు వచ్చి ఇంట్ల పని జేస్తది. కూలి గీలి అడుగద్దు. ఉగాదికి నీ గడపలు నువ్వు అందుకొని రేవుకు పో. ఏండ్లు మీద పడ్డంక కొత్త నడక నడుస్తనంటె కాళ్లు ఇరుగుతయి."

ఐలవ్వ ఆ క్షణం నుంచే పని మొదలు పెట్టింది. అంతయ్య ఒక్కడే ఇంటికి వచ్చాడు.

మరునాడు చీకటి విడవగానే అతను జమ్మికుంటకు నడిచాడు. రెండు కోసులు. రహీమ్ దుకాణంలో నూలుకు వేసే రంగులు, సోడా అమ్ముతారు. అంతయ్యకు సోడా ఇచ్చింది అతనే, మొన్నటి గడ్డల్లో పదింటిని దుకాణంలో పెట్టి అమ్ముతున్నదీ అతనే. అంతయ్యను చూడగానే రహీమ్ గల్లా వెనక నుంచి లేచాడు.

"రా చాచా, రా. నీ కోసమే చూస్తున్న. నిన్న నలుగురు ఆడోళ్లు వచ్చి నా దుకాణం మీద పడ్డరు. ఒకామె నా గడ్డానికే రుద్దుత అన్నది. నేను పరేషాన్."

"ఎందుకైంది గట్ల?"

"నన్నడుగుతవేంది? సోడా ఎంత పోసినవ్?"

అంతయ్య చెప్పాడు. రహీమ్ నెత్తి పట్టుకున్నాడు. "యా అల్లా! తూకం ఏసి పొయ్యమంటి గద. చెయ్యి చూసి పోసినవా? నీ చెయ్యి చూసి పోస్తె మనుషులు బతుకుతరా?"

లోపలి పరదా కదిలింది. రహీమ్ తల్లి సుల్తాన్ బీ కంఠం వినిపించింది. "ఎందుకురా ముసలాయన మీద ఒర్లుతవ్? తెల్వకనే గద జేసిండు." తరువాత పరదా వెనక నుంచే అంతయ్యతో అన్నది: "బాబూ, నా చిన్నప్పుడు మా ఇంట్ల సబ్బు ఉడికిచ్చెటోళ్లు. చేతికి చూడద్దు. నాలుకకు అడుగు. కొసకు జర తగిలిస్తె చాలు. కొరికితె ఇంక కచ్చ. కొరకకుంటె పక్క, ఉడికినట్టు."

"కొరికితె ఏం జెయ్యాలమ్మా?"

"గడ్డలన్ని పలగ్గొట్టి మళ్ల నీళ్లల్ల కరిగియ్యి. ఇంత నూనె పొయ్యి. ఉప్పు ఎయ్యి, మస్తు ఎయ్యాలె, కంజూస్ చెయ్యద్దు. మంట నీళ్లు కిందికి దిగుతయి, సబ్బు మీదికి తేల్తది. తేలినదాన్ని తీసి నాలుకకు అడుగు. ఇంక కొరికితె ఇంకోసారి."

రహీమ్ మిగిలిన గడ్డలు, వెనక్కి వచ్చినవి అన్నీ గుడ్డలో కట్టి ఇచ్చాడు. మళ్లీ దుకాణంలో పెట్టనని చెప్పలేదు. పెడతానని కూడా చెప్పలేదు. "ఉగాది కాంగనె చూద్దాం" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఎండ ఎక్కింది. సబ్బుకు పోసే ఇప్పనూనె కోసం గోదారి దాటి చెన్నూరు దిక్కు పోవాలి. పోయి రావడానికి వారం. ఉగాది మూడు రోజుల్లో ఉంది. నూనె లేదు, గడువు లేదు. దారి మధ్యలో అతను ఆగి, గుడ్డలోంచి ఒక గడ్డ తీసి నాలుక కొసకు తగిలించి చూశాడు. నిప్పు కణిక తగిలినట్టు తల వెనక్కి పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క చేనులో పనిచేస్తున్నవాళ్లు చూస్తారేమోనని ముఖం తిప్పుకొని నడిచాడు. ఊరు వచ్చేదాకా ఉమ్మేస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం, మరునాడు పగలంతా, అంతయ్య గంప పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ రమ్మనలేదు. అతనే పోయి, సబ్బు ఉంటే ఇయ్యమని, మక్కలు తీసుకొమ్మని అడిగాడు. కొందరు గడ్డ ఇచ్చి మక్కలు కొలిపించుకున్నారు. ఒకామె గడ్డ అరిగిపోయిందని చెప్పి మక్కలు మాత్రం పోయించుకుంది. "సదువు లేనోనికి సబ్బెందుకు" అని ఒకాయన అన్నాడు. ఆయనకూ చదువు లేదు. అంతయ్య ఆ ఇంట్లో పుట్టిన ముగ్గురికి పురిటి గుడ్డలు ఉతికాడు, ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి వచ్చి చూసుకుంటే గుమ్మి అడుగు కనిపించింది. చెయ్యి పెట్టి తడిమితే గింజల కంటె మట్టి ఎక్కువ తగిలింది. ఐలవ్వ పొద్దు గూకినాక పటేలు ఇంటి నుంచి వచ్చింది. నడుము పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. అతను మొత్తం చెప్పాడు, సుల్తాన్ బీ చెప్పిందీ చెప్పాడు. చివరకు అన్నాడు: "రేపు గడపలు అందుకుంట."

అతని మాట వింటున్నంతసేపూ ఆమె తన అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉంది. ఆమె తిడుతుందని అనుకున్నాడు. ఏడాదిగా తిడుతూనే ఉంది, ఇయ్యాళ తిడితే బాగుండు అనిపించింది.

ఉగాది ముందటి రోజు పొద్దున్నే రేవు దగ్గర కులపోళ్లు కూడారు. వాగులో నీళ్లు సన్నబడి, ఉతికే బండలు సగం బయటపడి ఉన్నాయి. కులపెద్ద హనుమండ్లు ఎత్తైన బండ మీద కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. గడపలు మారేది మాటతో కాదు. ఇచ్చేవాడు గుప్పెడు సౌడు మట్టి గుడ్డలో ముడివేసి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి పట్టుకుంటాడు. తీసుకునేవాడు నీళ్లలోకి దిగి రెండు చేతులతో అందుకుంటాడు. కులపెద్ద మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికి అందుకోకపోతే అంతే.

సాంబయ్య ముడి పట్టుకొని నీళ్లలో ఉన్నాడు. ఈ గడపల కోసమే రెండో గాడిదను తెచ్చుకున్నాడు. ముఖం పీక్కుపోయింది. అయినా ముడిని కిందికి దించలేదు.

"అంతన్నా, నీ సొమ్ము నువ్వు తీసుకో" అన్నాడు. "నేనేమనుకోను." అనుకుంటున్నాడని అందరికీ తెలుసు.

అంతయ్య నీళ్లలోకి దిగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. రెండు చేతులూ చాపాడు.

"అందుకుంటవా అంతయ్యా?" అన్నాడు హనుమండ్లు.

"ఆగు."

ఐలవ్వ గట్టు దిగి వస్తోంది. పటేలు ఇంట్లో అంట్లు సగంలో వదిలి వచ్చినట్టుంది, మోచేతుల దాకా బూడిద అంటి ఉంది. ఆగకుండా నీళ్లలోకి వచ్చి మగనికి, మరిదికి మధ్యన నిలబడింది.

"గిది మగోళ్ల మాట" అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఆడోళ్లు మాట్లాడద్దు."

"గీ బండ మీద సగం బట్టలు మేము ఉతుకలేదా? మాటల్ల సగం వద్దా?" అతని దిక్కు చూడకుండానే అన్నది. తరువాత సాంబయ్య చేతిలోని ముడిని, అతని వేళ్లతో సహా, అతని రొమ్ముకే ఆనించింది. "ఉంచుకో మరిదీ."

సాంబయ్య వేళ్లు ముడి మీద బిగుసుకున్నాయి.

"ఐలవ్వా" అన్నాడు హనుమండ్లు. "తెల్వక మాట్లాడుతున్నవ్ బిడ్డా. గడప పోతె మళ్ల రాదు. రేపు కాళ్లు చేతులు ఆడనప్పుడు ఏం తింటరు?"

"ఏదుంటె అది."

"ఏం లేకుంటె?"

ఆమె ముడిని ఇంకా మరిది రొమ్ముకే అదిమి పట్టుకుంది. హనుమండ్లు అంతయ్య వైపు తిరిగాడు. "గీమె మాటకు లెక్క లేదు. నిన్నడుగుతున్న. రెండోసారి. అందుకుంటవా?"

అంతయ్య చేతులు ఇంకా చాపే ఉన్నాయి. ఐలవ్వ భుజం మీదుగా ముడి కనిపిస్తోంది. ఒక్క అడుగు ముందుకు వేస్తే అందుతుంది. ఆమె వెనక్కి తిరిగి అతని ముఖం చూడలేదు. ఆమె మెడ వెనక చెమట, చెమటలో అంటుకున్న బూడిద చూశాడు.

"మూడోసారి. అందుకుంటవా?"

అంతయ్య చేతులు దించాడు. అవి నీళ్లకు తగిలి చప్పుడయింది. గట్టు మీద ఉన్న గాడిద ఒకటి ఒళ్లు దులుపుకుంది.

ఇంటికి వచ్చేదాకా అతను ముందు, ఆమె వెనక నడిచారు. వాకిట్లో అడుగు పెట్టాక అతను వెనక్కి తిరిగాడు.

"ఏం జేసినవే నువ్వు?" అని అరిచాడు. "ఏడాది సంది సావు సావు అని తిట్టినవ్. గిప్పుడు ఉన్న ముంత గూడ పలగ్గొట్టినవ్. నన్ను నమ్మి జేసినవా, నా మీద కోపానికి జేసినవా?"

ఐలవ్వ పొయ్యి ముందు కూర్చొని పుల్లలు విరుస్తోంది. "కడాయి ఎక్కియ్యి" అన్నది. "గడ్డలు పలగ్గొట్టు. చెప్త."

అతను గడ్డలు రోట్లో వేసి పగలగొట్టాడు. ఆమె ఊదుతూ, మధ్య మధ్య ఆగుతూ చెప్పింది.

"కోడలికి వెన్న రాయమన్నది పటేలమ్మ. ఆ పిల్ల అరచెయ్యి నా చేతుల వెట్టుకున్న. నేనెన్నడు గసోంటి చెయ్యి ముట్టుకోలేదయ్యా. నేను రాయంగనె అబ్బా అన్నది. సబ్బు గాదు, నా చెయ్యే గీసుకున్నది ఆమెను. గప్పుడు తెలిసింది నాకు. మనిద్దరం ఒకల చేతులు ఒకలం చూసుకొని మంచిగున్నది, మంచిగున్నది అనుకున్నం."

పొయ్యి అంటుకుంది.

"ఇంకో మాటన్నది ఆ పిల్ల. అత్త లేనప్పుడు. 'ఐలవ్వా, మంట లేకుంట జేస్తె ముందుగాల నాకియ్యి. గంత తెలుపు నేను పుట్టింట్ల గూడ చూడలే' అన్నది."

రోకలి ఆగింది. "గా మాట రేవు కాడ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె పొద్దూకేసరికి పటేలింటికి చేరుతది. ఆ పిల్ల నోరు కొడ్తరు. నా నోటితోని ఎందుకు?"

అంతయ్య సబ్బు ముక్కలన్నీ కడాయిలో పోశాడు. నీళ్లు పోశాడు. కరిగేదాకా గరిటె తిప్పుతూ ఉంటే పొద్దు నెత్తి మీదికి వచ్చింది. నూనె పోయాల్సిన సమయం వచ్చింది. అతను కడాయి వైపే చూస్తూ ఉన్నాడు. ఐలవ్వ లేచి లోపలికి పోయి కూరల్లోకి వాడే నూనె బుడ్డి తెచ్చి, బోర్లించి, చివరి చుక్క దిగేదాకా పట్టుకుంది. మళ్లీ లోపలికి పోయి ఉప్పు కుండ తెచ్చింది. గుప్పెడు వేసి అతని వైపు చూసింది.

"ఇంక" అన్నాడు.

ఇంకో గుప్పెడు. ఇంకోటి. చివరకు కుండ వంచి గోడలకు అంటినది కూడా గీకి వేసింది. కుండలో నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా కడాయిలోనే పోసింది.

చాలాసేపు ఏమీ కాలేదు. తరువాత కడాయి మధ్యలో తరక లాగా ఒకటి కదిలింది. విరిగిన పాలలో తేలినట్టు సబ్బు పైకి తేలి, గుంపులు గుంపులుగా చేరుకుంది. కింద నల్లటి నీళ్లు మిగిలాయి. అంతయ్య గరిటెతో తీసి మూకుళ్లలో పోశాడు. ముప్పై, ముప్పై ఐదు గడ్డలు కావాల్సింది, ఇరవై దాటలేదు.

పొద్దు వాలేసరికి ఒక మూకుడు అంచున గడ్డకట్టింది. ఐలవ్వ అతని కంటె ముందే గోటితో గీకి నాలుక కొసకు తగిలించుకుంది. కళ్లు మూసుకుంది. అతను ఆమె కనురెప్పలనే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంక జర ఉంది" అన్నది.

అతనూ చూశాడు. దారిలో తగిలిన నిప్పు కాదు. సన్నటి చీమ కుట్టినట్టు. కాని ఉంది. ఇంకోసారి ఉడకాలి. ఇంకోసారికి ఇంట్లో ఉప్పు లేదు, నూనె లేదు, పొయ్యి పక్కన నాలుగు పుల్లలు తప్ప కట్టె లేదు.

దడి దగ్గర ఏదో బరువు దించిన చప్పుడయింది. సాంబయ్య. నెత్తి మీది కట్టెల మోపు దించి, గోడకు ఆనించి పెడుతున్నాడు. చెప్పడానికి మాట ఏదో తెచ్చుకున్నట్టున్నాడు, కడాయిని, మూకుళ్లను చూసి దాన్ని మింగాడు. తిరిగి పోబోయాడు.

"కూసో" అన్నది ఐలవ్వ.

మూడు గిన్నెలు పెట్టింది. మక్క గట్క పోసి, గిన్నెకు రెండు పచ్చి మిరపకాయలు వేసింది. ముగ్గురూ పందిరి కింద, ఆరుతున్న సబ్బు పక్కనే కూర్చున్నారు.

సాంబయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం ఆపాడు. అతని చూపు పొయ్యి దిక్కు పోయింది. పొయ్యి పక్కన ఉప్పు కుండ కడిగి బోర్లించి ఉంది. అతను ముద్ద మింగి, మిరపకాయ కొరికి, రెండో ముద్ద కలిపాడు. అంతయ్య తల ఎత్తలేదు. ఐలవ్వ గంజు అడుగున ఉన్నది గీకి మరిది గిన్నెలో వేసింది. అతను వద్దనలేదు. గిన్నెలు తుడిచినట్టు అయ్యేదాకా ముగ్గురూ తిన్నారు.